ఇంటికి ఇంటర్నెట్టు: కంపెనీ నెన్నుకొను విధము, మార్చుకొను విధము

కొన్ని యేండ్ల క్రిందటివరకు ఇంటర్నెట్టు పట్టణవాసుల వస్తువుగా నుండెను. నేడట్లు కాదు. పి.ఎం. కిసాన్ సొమ్ము ఖాతాలో పడవలెనన్న ఈ-కె.వై.సి. కావలెను. పంట నమోదు, అడంగలు నకలు, పిల్లల కళాశాల కౌన్సెలింగు, ధాన్యపు సొమ్ము జమ యయ్యెనా లేదా యని చూచుకొనుట, ఇవి యన్నియు నేడు ఇంటర్నెట్టు మూలముననే జరుగుచున్నవి. 2022వ సంవత్సరము జూను నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమునకు ఆమోదమిచ్చినది. సంఘపు లెక్కలే కంప్యూటరులోనికి పోవుచుండగా సభ్యుల యిండ్లు దీనికి దూరముగా నుండజాలవు.

అయితే తీగతోపాటు బిల్లును వచ్చును. నెలకు 500 రూపాయల పథకమును దీసికొన్న రైతు, నూటికి 18 వంతున జి.ఎస్.టి.తో గలిపి 590 రూపాయలు కట్టవలెను. ఏడాదికి 7,080 రూపాయలగును. పి.ఎం. కిసాన్ క్రింద మూడు విడతలుగా ఏడాదికి వచ్చునది 6,000 రూపాయలు. ఆ సొమ్మంతయు ఈ యొక్క బిల్లునకే చాలదన్నమాట. ఇంత ఖర్చుగల వస్తువును, బస్తా విత్తనము కొనునపుడు చేయు విచారణయైనను చేయక, వాకిట నిలిచిన ఏజెంటు మాట విని కొనువారు పెక్కుమంది. ఆరు నెలలు తిరుగకమునుపే విసిగి మరియొక కంపెనీకి మారుదురు. అక్కడను అదే గతి పట్టును.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దొక్కటే. మనము కొనునది కంపెనీ పేరు కాదు, ప్రకటనలోని వేగమును కాదు. స్తంభమునుండి మన యింటిదాక వచ్చు తీగను, అది తెగిననాడు వచ్చి అతుకు మనిషిని మనము కొనుచున్నాము. ఈ రెండును మన వీధిలో నెట్లున్నవో విచారించి యెన్నుకొనవలెను. మారదలచినపుడు, ప్రదర్శన మడిలో క్రొత్త విత్తనమును పాత విత్తనము ప్రక్కన చల్లి చూచినట్లు చూచి మారవలెను.

తీగలలో రకములు

గ్రామములలోని యిండ్లకు ఇంటర్నెట్టు ముఖ్యముగా మూడు విధముల వచ్చుచున్నది.

మొదటిది పాత టెలిఫోను రాగితీగ. దీనిలో దూరము పెరిగినకొలది వేగము తగ్గును. ఎక్స్ఛేంజి ప్రక్కనున్న యింటికి సెకనుకు ఇరువది మెగాబిట్లవరకు వచ్చినను, నాలుగైదు కిలోమీటర్ల దూరముననున్న యింటికి రెండు మూడు వచ్చుటయే కష్టము. ఇది చాలచోట్ల మూలబడుచున్నది.

రెండవది ఫైబరు. వెంట్రుకవంటి సన్నని గాజుపోగులో వెలుతురును పంపి సమాచారమును చేర్చు పద్ధతి యిది. కొన్ని కిలోమీటర్లు సాగినను దీని వేగము తగ్గదు. గాజుపోగులో విద్యుత్తు ప్రవహింపదు గావున, రాగితీగవలె పిడుగుదెబ్బను ఇంటిలోని పెట్టెకు మోసికొని రాదు. 2011లో కేంద్ర ప్రభుత్వము మంజూరు చేసి, తరువాత భారత్ నెట్ అని పేరు మార్చిన పథకము ఈ గాజుతీగను గ్రామపంచాయతీల వరకు చేర్చుటకై యేర్పడినదే. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వపు ఫైబర్ నెట్ తీగ చాలవరకు కరెంటు స్తంభములమీదుగా సాగినది. తెలంగాణమున మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు గొట్టములనుగూడ వేసిరి. ఈ రెండు పద్ధతులకును మేలుకీడులు కలవు. స్తంభములమీది తీగను త్వరగా లాగవచ్చును, తెగినచోటు కంటికి కనబడును; కాని తుపానుగాలికి, గడ్డిమోపు లెత్తుగా వేసిన ట్రాక్టరుకు, గట్టుప్రక్క కాల్చు కొయ్యకాళ్ల మంటకు చిక్కును. భూమిలోని తీగ గాలికి నిలుచును. కాని కాలువ పూడిక తీయు జె.సి.బి.కి తెగును.

మూడవది తీగలేని పద్ధతి. మేడమీద నొక పెట్టె నమర్చి, 5జి టవరునుండి సంకేతమును గ్రహించి ఇంటిలో వైఫైగా పంచుదురు. 2023నుండి ఇది ఎయిర్ ఫైబర్ అను పేరుతో మనవైపు ప్రచారములోనికి వచ్చినది. పేరులో ఫైబరున్నను ఇంటికి వచ్చునది ఫైబరు కాదని గ్రహింపవలెను. ఊరికి దూరముగా తోటలో నివసించువారికి ఇది యుపకారియే. కాని టవరు దూరమును, నడుమనున్న చెట్లును, అదే టవరును వాడుకొను సెల్ ఫోనుల సంఖ్యయు దీని వేగమును మార్చుచుండును. వీధిలో మంచి ఫైబరున్నచో దానినే కోరుట మేలు. లేనిచోట ఈ మూడవ పద్ధతిని పరీక్షించి తీసికొనవచ్చును.

వేగమనగా నేమి?

ఏజెంటు చెప్పు వంద, రెండువందలు, మూడువందలు అను సంఖ్యలు సెకనుకు మెగాబిట్లు. ఎనిమిది బిట్లు గలిసిన నొక బైటు. కావున 100 మెగాబిట్ల తీగలో సెకనుకు దిగునది 12న్నర మెగాబైట్లు మాత్రమే. చట్టము దృష్టిలో బ్రాడ్ బ్యాండ్ అనిపించుకొనుటకు ఎంత వేగము చాలునో తెలిసిన మీరు ఆశ్చర్యపడుదురు. 2023లో ప్రభుత్వము ఆ కనీసవేగమును 512 కిలోబిట్లనుండి 2 మెగాబిట్లకు పెంచినది. కావున ఆ పేరు వినినంతనే భ్రమపడరాదు.

కాలువనీటి రైతునకు వేగము సంగతి సులభముగా బోధపడును. పెద్దకాలువనుండి పిల్లకాలువకు, దానినుండి బోదెకు, బోదెనుండి మడికి నీరు వచ్చును గదా. ఇక్కడను అంతే. ఒక ఫైబరు పోగును వీధిదాక తెచ్చి, స్ప్లిటరు అను చిన్న సాధనముచే 32 లేక 64 ఇండ్లకు పంచుదురు. సాధారణముగా వాడు జి-పాన్ పద్ధతిలో ఆ యిండ్లన్నిటికిని గలిపి సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు దిగును. 64 ఇండ్లవారు ఏకకాలమున పూర్తిగా వాడినచో తలకు 39 మెగాబిట్లకు మించి రాదు. అట్లందరు నొకేసారి వాడుట అరుదు గనుక నిజమునకు ఇంటింటి బోదె చిన్నదికాదు. కొరత వచ్చునది పైన. ఆపరేటరు పైనుండి కొని తెచ్చుకొను సామర్థ్యము చాలనపుడు, ఉదయము వంద చూపిన తీగ రాత్రి ఎనిమిది గంటలకు పదిగూడ చూపదు. పైవారు నీరు పట్టుకొన్న పిదప చివరి భూముల రైతు ఎదురుచూచునట్లు మనము తెరపై తిరుగు చక్రమును చూచుచు కూర్చుండవలెను. కావున వేగమును పరీక్షింపవలసిన వేళ రాత్రి ఏడునుండి పదివరకు. ఏజెంటు వచ్చు ఉదయము పదిగంటలు కాదు.

ఇంటికెంత వేగము కావలెను? స్పష్టమైన వీడియో చూచుటకు సెకనుకు 5 మెగాబిట్లు చాలును. వీడియోలో మాటలాడుటకు, పిల్లల ఆన్ లైన్ పాఠములకు 2 మొదలు 4. నలుగు రున్న యింటిలో ముగ్గురు వీడియో చూచుచు నొకరు పాఠము వినుచున్నను 20 మెగాబిట్లకు లోపుగనే యుండును. నిలుకడగా వచ్చు 30 లేక 40 మెగాబిట్ల పథకము సామాన్య కుటుంబమునకు సరిపోవును. ఇంటినుండి ఉద్యోగము చేయు కుమారుడో కుమార్తెయో యున్నచో వందవరకు పోవచ్చును. అప్పుడు దిగు వేగమునే గాక, పైకి పంపు వేగమును గూడ అడుగుడు. మూడువందల పథకమునకై అదనముగా నిచ్చు సొమ్ము, అర యెకరమునకు రెండెకరముల ఎరువు వేసినట్లే.

కొన్ని పథకములలో నెలకు 3,300 గిగాబైట్ల పరిమితియున్నదని భయపడనక్కరలేదు. స్పష్టమైన వీడియో గంటకు సుమారు 3 గిగాబైట్లు తినును. ఆ లెక్కన 1,100 గంటలు కావలెను. నెలలో నున్నవి 720 గంటలే.

ధరలోని మెలికలు

పథకము ధర వినినపుడు నాలుగు సంగతులు విడదీసి యడుగవలెను: జి.ఎస్.టి. కలిసినదా, విడిగానా? పెట్టె మనదా, కంపెనీ దయతో నిచ్చినదా, అద్దెకా? డిపాజిట్టు ఎంత, తిరిగి వచ్చునా? ఈ ధర ఎన్ని నెలలవరకు? మొదటి మూడు నెలలు తక్కువ ధర చూపి తరువాత పెంచు పద్ధతి సామాన్యముగా నున్నది. సినిమా యాప్ లు ఉచితమని చెప్పినపుడు, అవి లేని పథకము ధర యెంతయో అడిగి చూడుడు. ఉచితమునకు వెల యెంతో తెలియును.

అన్నిటికంటె ముఖ్యము దీర్ఘకాలపు చెల్లింపు. ఏడాది సొమ్ము ఒక్కసారి కట్టినచో రెండు నెలలు ఉచితమందురు. తీగ మంచిదని తెలిసిన పిదప ఇది లాభమే. తెలియకముందు కట్టుట ఇసుకమీద నిల్లు కట్టుటయే. మేమెరిగిన యొక గ్రామమున కౌలురైతొకడు, కుమార్తె కౌన్సెలింగునకు పనికివచ్చునని, ధాన్యమమ్మిన సొమ్ములోనుండి ఏడాది మొత్తమును ఒక ఆపరేటరునకు కట్టెను. నాలుగవ నెలలో తీగ తెగెను. అతుకువాడు రాలేదు. రసీదు లేదు; ఫోను చేసిన పలుకువారు లేరు. ఆ పిల్ల కళాశాలల వరుసను ఎన్నుకొను దినములలో తండ్రి స్కూటరుపై మండల కేంద్రమునకు పోయి అక్కడి సెంటరులో నిలువవలసివచ్చెను. పోయిన సొమ్ము ఒక యెత్తు, ఆ నాలుగు దినముల ఆందోళన మరియొక యెత్తు. నెలనెల కట్టియుండినచో నష్టము ఒక నెలదే.

చేరకముందు విచారింపవలసినవి

ఒకే కంపెనీ ఒక గ్రామమున చక్కగా నుండును, ప్రక్క గ్రామమున పనికిరాదు. అక్కడి తీగలను చూచు స్థానిక ఆపరేటరే దీనికి కారణము. కావున పట్టణమందలి బంధువు మెచ్చుకొన్నాడని కాక, మీ వీధివారిని అడుగుడు.

1. మన వీధిలో, వీలైనచో మన స్తంభమునుండియే, ఆ తీగ నెవరు వాడుచున్నారు? రాత్రివేళ వారి వేగమెంత? వారి యింట కూర్చుండి స్వయముగా చూడుడు.
2. కడచిన వానకాలమున తీగ ఎన్నిమారులు తెగినది? ఎన్ని దినములకు అతికిరి?
3. అతుకు మనిషి ఎక్కడ నివసించును? ఊరిలోనా, ఇరువది కిలోమీటర్ల దూరమునా? తీగ లతుకు యంత్రము అతనివద్ద నున్నదా, మరియొకరిని పిలువవలెనా?
4. కరెంటు పోయినపుడు ఆపరేటరు కేంద్రమున బ్యాటరీలు ఎంతసేపు నిలుచును? మన యింట కరెంటున్నను అక్కడ లేనిచో ఇంటర్నెట్టు రాదు.
5. కట్టిన సొమ్మునకు కంపెనీ పేరుతో రసీదు వచ్చునా, చేతిలో చీటీ మాత్రమేనా?

ఈ యైదింటికిని సంతృప్తికరమైన జవాబులు దొరకిన తరువాతనే ధర మాట యెత్తుడు.

మారకముందు ఇంటిలో చూడుడు

కంపెనీ దోషమనుకొనునవి కొన్ని మన యింటి దోషములే. మారి సొమ్ము పోగొట్టుకొనక మునుపు వీనిని పరీక్షింపవలెను.

ఫైబరు పెట్టెమీద పాన్ అనియు లాస్ అనియు రెండు దీపములుండును. పాన్ దీపము పచ్చగా నిలిచి వెలుగుచున్నచో వెలుతురు ఇంటిదాక వచ్చుచున్నట్లు. లాస్ దీపము ఎఱ్ఱగా మిణుకుచున్నచో వెలుతురు రావడము లేదు. తీగ ఎక్కడనో తెగినది, లేక మేకుచుట్టు మడతపడినది. గాజుపోగును రాగితీగవలె మడిచి కట్టరాదు. అతుకు మనిషి వచ్చినపుడు వెలుతురు బలమెంతయో కొలిచి చెప్పుమనుడు. మైనస్ 15 మొదలు మైనస్ 25 వరకు మంచిది; మైనస్ 27కు దిగినచో తీగ బలహీనమైనట్లు, అతుకు సరిగా లేదని చెప్పవచ్చును. ఈ యొక్క ప్రశ్న అడిగినచో అతడును శ్రద్ధగా పని చేయును.

దీపము సరిగా నున్నను వేగము లేనిచో, లాప్ టాపును తీగతో నేరుగా పెట్టెకు తగిలించి చూడుడు. అప్పుడు వేగము వచ్చినచో దోషము వైఫైది. పెట్టెనుండి వైఫై రెండు పాయలుగా వచ్చును. 2.4 అను పాయ దూరము పోవును, వేగము తక్కువ. 5 అను పాయ వేగముగలది, గోడలు దాటలేదు. మందపాటి గోడల మండువా యిండ్లలో పెట్టెను వీధిగదిలో నుంచినచో వంటింటికి సంకేతము చేరదు. పెట్టెను ఇంటి నడుమ, ఎత్తుగా నుంచుట మంచిది. ఇనుపబీరువా వెనుక నుంచరాదు. కరెంటు కోతలు గల గ్రామములలో పన్నెండు వోల్టుల చిన్న యు.పి.ఎస్. పెట్టెకు తగిలించుకొనినచో ఇంటివరకు అంతరాయముండదు.

ఇవి యన్నియు సరిగానున్నను, రాత్రివేళ వేగము పడిపోవుచున్నను, తెగిన తీగకు వారములు గడచుచున్నను అప్పుడు మారవలసినదే.

మారు విధము

సెల్ ఫోను నంబరును ఉంచుకొనియే కంపెనీ మార్చు వీలు 2011 జనవరి 20నుండి దేశమంతట కలదు. ఇంటి బ్రాడ్ బ్యాండునకు అట్టి వీలు లేదు. క్రొత్తది వేరుగా తీసికొని, పాతదానిని వేరుగా మూసివేయవలెను. దీనిని లోపమనక మేలుగా వాడుకొనవచ్చును. రెండింటిని ప్రక్కప్రక్కన నడిపి చూడవచ్చును.

పాత పథకము గడువు ముగియుటకు పదునైదు దినములముందు క్రొత్తదానిని ఒక్క నెలకు మాత్రము తీసికొనుడు. పాతదానిని తీసివేయకుడు. ఇదియే ప్రదర్శన మడి. పదునైదు దినములు రాత్రిపూట రెండింటి వేగమును వ్రాసికొనుడు. ఒక వానదినము, ఒక ఆదివారము రాత్రి నడుమ వచ్చినచో మరియు మంచిది. ఈ లోపల ఒకసారి ఏదైన నెపమున ఫోను చేసి, ఆపరేటరు పలుకు విధమునుగూడ చూడుడు. క్రొత్తది నిలిచినచో మారుడు. నిలువనిచో నష్టపోయినది నెల సొమ్మే.

మారునపుడు క్రొత్త పెట్టెకు పాత వైఫై పేరును, పాత పాస్ వర్డునే పెట్టించుడు. అప్పుడు ఇంటిలోని ఫోనులు, టి.వి., పశువులపాకలోని కెమెరా తమంతట తామే కలిసికొనును; ఒక్కొక్కదానిని మార్చు శ్రమ తప్పును.

పాతదానిని మూయుట వట్టిమాటతో కాదు. యాప్ లో గాని వ్రాతమూలముగా గాని కోరి, ఆ కోరిక నంబరును వ్రాసియుంచుకొనుడు. పెట్టెను అప్పగించినపుడు రసీదు తీసికొనుడు. డిపాజిట్టు తిరిగి రావలసినచో ఆ రసీదే ఆధారము. ముఖ్యముగా, యు.పి.ఐ. ఆటోపే పెట్టియున్నచో ఫోనులో దానిని రద్దుచేయుడు. దీనిని మరచినవారి ఖాతానుండి, తీగ తీసివేసిన పిదపను నెలనెల సొమ్ము పోవుచుండును.

వినకున్న నెవరికి చెప్పుకొనవలెను?

ముందుగా కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు ఫోను చేసి డాకెట్ నంబరు పుచ్చుకొనవలెను. నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదే కాదు. టెలికం నియంత్రణ సంస్థ యైన ట్రాయి 2012లో చేసిన నిబంధనల ప్రకారము, దానితో తీరనిచో 30 దినములలోపల అదే కంపెనీ అప్పీలు అధికారికి చెప్పుకొనవచ్చును. ఆయన 39 దినములలో తేల్చవలెను. ట్రాయి తాను విడివిడి ఫిర్యాదులను విచారింపదు. దీనికి దరఖాస్తు పంపి యెదురుచూచుట కాలహరణమే.

జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అంతటితో తీరని వివాదమును జిల్లా వినియోగదారుల కమిషనుకు తీసికొనిపోవచ్చును. టెలికం కంపెనీలపై వినియోగదారుడు ఆ కమిషనును ఆశ్రయింపవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పుచెప్పినది. మనము చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలలోపైనచో అక్కడ రుసుము లేదు. అయితే రసీదులు, డాకెట్ నంబర్లు లేనివాని మాట అక్కడను నిలువదు.

సంఘముగా అడుగుడు

ఒక్కడు పోయి అడిగిన ఆపరేటరు రేపు రమ్మనును. ఒకే వీధినుండి పదునైదు ఇండ్లవారు కలిసి అడిగినచో తానే వచ్చి తీగ లాగును. లాగుడు కూలి తగ్గించును. ఎరువులను సంఘముగా కొని ధర తగ్గించుకొన్న మనకు ఇది క్రొత్త పాఠము కాదు. ప్రతి సంఘమునందు ఒక పుస్తకము తెరచి, ఊరిలోని యేయే కంపెనీ తీగ ఏ వీధిలో నెప్పుడు తెగినది, ఎన్ని దినములకు అతికిరి, రాత్రి వేగమెంత యని సభ్యులచే వ్రాయించుట మంచిదని మా మతము. ఒక్క వానకాలము వ్రాసిన ఆ పుస్తకము, ఏజెంటు తెచ్చు పది కాగితములకంటె నెక్కువ నిజము చెప్పును. క్రొత్తగా చేరువారు దానిని చూచి చేరుదురు. దానిలో తన పేరు చెడునను భయముచే ఆపరేటరును త్వరగా వచ్చి అతుకును.

సభ్యులు ఈ వానకాలమునుండియే అట్టి పుస్తకమును తెరువవలెననియు, తీగ మంచిదని రుజువగువరకు ఎవ్వరును ఏడాది సొమ్ము ముందుగా కట్టరాదనియు మా మనవి.